ఆ ఒక్క వాక్యం చెప్పనంది

మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి దశావతారాల నాటిక రాసిచ్చింది నేనే. పదిమంది పిల్లలు, పది వేషాలు, పక్కన నిలబడి కథ చెప్పడం మా అమ్మాయి వంతు. చివర్లో తను చెప్పాల్సిన మాట ఇది: "డార్విన్ చెప్పిన పరిణామ సిద్ధాంతాన్ని మన పెద్దలు ఎప్పుడో చెప్పేశారు." మిగతాదంతా రెండు రోజుల్లో బట్టీ పట్టేసింది. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి కాగితం బల్ల మీద పెట్టేసి, "ఇది నేను చెప్పనమ్మా, నిజం కాదు" అంది.

తనిప్పుడు ఇయర్ సిక్స్. ఇంగ్లండ్‌లో ఆ తరగతి సైన్సులో పరిణామం గురించి పాఠం ఉంటుంది. నేను చేపతో మొదలుపెట్టి ఒప్పించబోయాను. ముందు నీళ్లలో చేప, తర్వాత నీళ్లలోనూ నేల మీదా తాబేలు, ఆపైన వరాహం, సగం సింహం సగం మనిషి, పొట్టి వామనుడు... మా నాన్నగారు నాకు చెప్పిన వరసే. అంతా విని, "అవతారం అంటే దిగిరావడం అని నువ్వే కదా చెప్పావ్. ప్రతిసారీ వచ్చేది ఒకే విష్ణువు. తాబేలు చేపకి పుట్టలేదు. ఎవల్యూషన్‌లో పైనుంచి ఎవరూ దిగిరారు" అంది.

నాకు కోపం వచ్చింది. "ఎప్పుడూ మనవాళ్లని తక్కువ చేయడమేనా" అనేశాను. అనకుండా ఉండాల్సింది. నేను చెప్పిన విష్ణువు కథని నాకన్నా శ్రద్ధగా పట్టించుకుంది తనే.

ఆ ఉడుకుమోత్తనంతోనే ఇక్కడివాళ్ల కథ చదవడం మొదలుపెట్టాను. వీళ్ల మతగ్రంథం కూడా తప్పింది చూడు అని తనకి చూపించాలని, అంతే. 1650లో ఐర్లండ్ ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ సృష్టి క్రీస్తు పూర్వం 4004లో జరిగిందని తేల్చాడు. 1701 నుంచి ఇంగ్లిష్ బైబిళ్ల అంచుల్లో ఆ సంవత్సరం అచ్చవుతూ వచ్చింది. నవ్వుకుందామనే చదివాను గానీ నవ్వు రాలేదు. ఆయన బైబిల్లోని వంశావళుల్ని, రాజుల పాలనాకాలాల్ని, ఇతర ప్రాచీన చరిత్రల్ని పక్కపక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి లెక్కగట్టిన పండితుడు. దొరికిన ఆధారంతో చిత్తశుద్ధిగా లెక్క వేశాడు.

ఆ లెక్కని మొదట కదిపినవాటిలో కొన్ని గులకరాళ్లు కూడా ఉన్నాయి. 1797లో సఫోక్ జిల్లా హాక్స్‌నేలో, ఇటుకల మట్టి తవ్వే గోతిలో, సుమారు పన్నెండు అడుగుల లోతున మనిషి చెక్కిన చెకుముకి రాళ్లు దొరికాయని జాన్ ఫ్రేర్ అనే ఆయన లండన్‌లోని పురావస్తు పండితుల సంఘానికి ఉత్తరం రాశాడు. లోహం తెలియని మనుషులవి ఇవి, చాలా చాలా పాత కాలానివి అన్నాడు. అరవై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1859లో ప్రెస్ట్‌విచ్, ఎవాన్స్ అనే ఇద్దరు ఫ్రాన్స్ వెళ్లి, అలాంటి రాయినే కంకర పొరలో ఉండగానే ఫొటో తీయించి తెచ్చాకే, మనిషి అంత పాతవాడని పండితులు ఒప్పుకున్నారు. పరిణామం మీద డార్విన్ పుస్తకం వచ్చిందీ ఆ ఏడు నవంబరులోనే. అందులో మనిషి పుట్టుక మీద వెలుగు పడుతుందని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాడు. మనిషి గురించి పూర్తిగా రాయడానికి ఇంకో పన్నెండేళ్లు, 1871 దాకా ఆగాడు.

నన్ను ఆపేసింది మాత్రం హ్యూ మిల్లర్. స్కాట్లండ్‌లో రాళ్లు కొట్టే పని నుంచి భూగర్భ శాస్త్రంలోకి వచ్చిన భక్తుడు. శిలాజాలు చెప్పేదీ బైబిలు చెప్పేదీ ఒకటేనని, సృష్టి జరిగిన ఆరు రోజుల్నీ సుదీర్ఘ యుగాలుగా చెప్పుకున్నాడు. అది చదివి పుస్తకం మూసేశాను. నా నాటిక చివరి వాక్యం అచ్చం అదే పని చేస్తోంది.

ఫిబ్రవరి సెలవుల్లో డౌన్ గ్రామంలో డార్విన్ ఇంటికి వెళ్లాం. పెరటి వెనక ఆయన రోజూ నడిచిన బాట ఉంది. మొదట్లో చెకుముకి రాళ్లు కుప్పగా పెట్టుకుని, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒకటి పక్కకి తన్నేవాడట. మా అమ్మ పసుపు కొమ్ములు పెట్టుకుని ప్రదక్షిణలు లెక్కపెట్టడం గుర్తొచ్చింది. ఆయన పిల్లలు ఆ పుస్తకం రాతప్రతి కాగితాల వెనక బొమ్మలు గీశారు. క్యారట్ మీద స్వారీ చేసే సైనికుడి బొమ్మ ఒకటి మిగిలింది. అది చూసి మా అమ్మాయి పడీపడీ నవ్వింది.

భార్య ఎమ్మాకి దైవభక్తి ఎక్కువ. ఈ ఆలోచనలు మనిద్దర్నీ పరలోకంలో విడదీస్తాయేమోనని పెళ్లయిన కొత్తలో ఆయనకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని జీవితాంతం దాచుకున్నాడు. నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని దాని మీదే రాశాడు. ఆదివారాలు ఆమె పిల్లల్ని చర్చికి తీసుకెళ్లేది, ఆయన లోపలికి వెళ్లేవాడు కాదు.

బడిలో అడిగితే బడి జవాబు చెప్పండి, గుడిలో అడిగితే గుడి జవాబు చెప్పండి అని మొన్ననే వాట్సాప్ గ్రూపులో ఒక తల్లికి సలహా ఇచ్చాను. ఆ ఉత్తరం సంగతి తెలిశాక ఆ సలహా మీద నాకే నమ్మకం పోయింది. ఒకే ఇంట్లో రెండు జవాబులు పెట్టుకుని బతకడం వాళ్లకే అంత బరువైతే, నేనెంత తేలిగ్గా చెప్పేశాను!

తనకి గర్వపడటానికి ఏదో ఒకటి ఇవ్వాలనే నా తాపత్రయం. ఆ సంగతి ఫోన్లో మాట్లాడుతుంటే, మా ఊళ్లోనే ఒకటుందని గుర్తొచ్చింది. డార్విన్ సిద్ధాంతాన్ని జన్యుశాస్త్రంతో కలిపి లెక్కల్లో నిలబెట్టిన వాళ్లలో ఒకరు జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో ఇంగ్లండ్ వదిలి భారతదేశం వచ్చేశారు, 1964లో భువనేశ్వర్‌లో పోయారు. వీలునామా ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు. ఆ కాలేజీ గోడ పక్కనుంచి నేను ఎన్నేళ్లు ట్యూషన్‌కి వెళ్లానో! చెబితే మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, "అమ్మమ్మ వాళ్ల ఊరా?" అంది. వేసవిలో వెళ్లినప్పుడు ఆ కాలేజీ చూపించమంది.

నాటికలో ఆ వాక్యం తీసేశాను. కల్కి వేషం తర్వాత తను దండం పెట్టి పక్కకి వచ్చేసింది.

ఉగాది పొద్దున ఇంట్లో పూజలో మావారు సంకల్పం చెబుతుంటే, "శ్వేతవరాహకల్పే" దగ్గర తను ఆపింది. "కల్పం అంటే ఎన్నేళ్లు నాన్నా?" 432 కోట్లు అన్నారాయన. భూమి వయసు సుమారు 454 కోట్లని నాకు తెలుసు. చూశావా, ఎంత దగ్గరగా ఉందో అనే మాట నా నోటి చివరిదాకా వచ్చేసింది. తను అప్పటికే నా మొహంకేసి చూస్తోంది.

"హారతి కళ్లకద్దుకో తల్లీ" అన్నాను.