క్రాలర్‌లో హెచ్‌వీ సర్వోకి పవర్ ఇవ్వడం: నా అనుభవం

నాది యాక్సియల్ ఎస్‌సీఎక్స్10, 1/10 స్కేలు క్రాలర్, అంటే రాళ్లెక్కే రిమోట్ కంట్రోల్ బండి. 3ఎస్ లైపో (మూడు సెల్స్ ఉన్న లిథియం బ్యాటరీ) మీద నడుస్తుంది, ఎక్కువగా హైదరాబాద్ ఖాజాగూడ రాళ్ల మీదే ఎక్కిస్తుంటా. ఆ గ్రానైట్ బండల మధ్య సందుల్లో ముందు టైరు ఇరుక్కుంటే పాత 6 వోల్టుల సర్వో (స్టీరింగ్ తిప్పే మోటారు) తిప్పలేకపోయేది. అందుకని 7.4 వోల్టుల దగ్గర 35 కేజీల టార్క్ ఇచ్చే హెచ్‌వీ (హై వోల్టేజ్) సర్వో తెప్పించి బిగించా. బలం కొంచెం పెరిగింది గానీ పెట్టె మీద రాసినంత మాత్రం రాలేదు, పైగా టైరు ఇరుక్కున్న చోట స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకుంటే బండి మొత్తం ఒక్క క్షణం చచ్చిపోయేది, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ లైటు ఆరిపోయి వెలిగి మళ్లీ కనెక్ట్ అయ్యేది. బండేమో నా కాళ్ల దగ్గరే ఉంది, రేంజి సమస్య అయ్యే ఛాన్సే లేదు.

మీటర్‌ని మిన్-మ్యాక్స్ మోడ్‌లో పెట్టి రిసీవర్‌లో ఖాళీగా ఉన్న ఛానల్ దగ్గర చూశా. మామూలుగా 6.0 ఉండేది, సర్వో ఇరుక్కోగానే 4.3కి పడిపోయింది. మామూలు మీటర్ మిల్లీసెకన్లలో వచ్చిపోయే డిప్‌ని పట్టుకోలేదు కాబట్టి అసలు పడింది ఇంకా ఎక్కువే ఉంటుంది. కారణం సింపుల్. నా ఈఎస్‌సీలో (బండి మోటారు స్పీడ్ కంట్రోలర్) ఉన్న బీఈసీ, అంటే బ్యాటరీ వోల్టేజ్ తగ్గించి రిసీవర్‌కి, సర్వోకి ఇచ్చే సర్క్యూట్, 6 వోల్టులు, 3 ఆంపులు. సర్వో కదలకుండా ఆగిపోయినప్పుడు లోపల మోటారు ఒక చిన్న రెసిస్టెన్స్ లాగే ఉంటుంది, బాగా ఎక్కువ కరెంటు లాగేస్తుంది, ఇంత పెద్ద సర్వోకి 3 ఆంపులు ఏ మూలకీ చాలవు. రిసీవర్‌కి కూడా అదే లైన్ నుంచి పవర్ వెళ్తుంది కాబట్టి వోల్టేజ్ పడగానే అది రీస్టార్ట్ అవుతుంది, దీన్నే బ్రౌనౌట్ అంటారు.

ఇక్కడ ఒక విషయం చాలామంది వదిలేస్తారు. 6 నుంచి 7.4కి వెళ్తే బలం దాదాపు 23 శాతం పెరుగుతుంది, కానీ స్టాల్ కరెంటు (సర్వో ఇరుక్కుని ఆగినప్పుడు లాగేది) కూడా అంతే పెరుగుతుంది. అంటే వోల్టేజ్ ఒక్కటే పెంచి ఆంపులు పెంచకపోతే డిప్ ఇంకా ఘోరంగా ఉంటుంది.

అందరూ ముందు చెప్పేది కెపాసిటర్ పెట్టమని. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 4700 మైక్రోఫారడ్, 16 వోల్టులది తెచ్చి పెట్టా, చిన్న చిన్న కుదుపులకి పనిచేసింది, ఇరుక్కున్నప్పుడు మాత్రం ఏ తేడా లేదు. లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది, 5 ఆంపులు లాగుతుంటే అంత కెపాసిటర్ ఒక వోల్టు పడేలోపు ఆపగలిగేది సుమారు 1 మిల్లీసెకనే, సర్వో ఇరుక్కుంటేనేమో సెకన్ల తరబడి లాగుతుంది. అదే గల్లీలో ఎల్ఎమ్2596 మాడ్యూళ్లు (వోల్టేజ్ తగ్గించే చిన్న బోర్డులు) చవగ్గా దొరుకుతాయి, అవీ వద్దు, పేరుకి 3 ఆంపులే, హీట్‌సింక్ లేకుండా అదీ కష్టం.

బీఈసీని 7.4కి మార్చుకునే ఈఎస్‌సీ కొనొచ్చు. కానీ అప్పుడు రిసీవర్‌కి, వించ్ (తాడుతో బండిని లాగేది) కంట్రోలర్‌కి, లైట్లకి అన్నిటికీ 7.4 వెళ్తుంది, నా రిసీవర్ లిమిట్ 6.5. ఇంకోటి, 2ఎస్ వాడేవాళ్లు గమనించండి, బీఈసీ వోల్టేజ్ తగ్గించగలదే గానీ పెంచలేదు, బ్యాటరీ 7.4 కిందకి వెళ్లాక సెట్టింగ్ ఏదున్నా బ్యాటరీతో పాటే సర్వో వోల్టేజ్ కూడా దిగిపోతుంది. 2ఎస్ బ్యాటరీ నుంచి డైరెక్టుగా కూడా ఇవ్వొచ్చు, అయితే ఫుల్ ఛార్జ్‌లో అది 8.4, సర్వో మీద 8.4 అని రాసి ఉంటేనే ఇవ్వాలి. 3ఎస్ ఫుల్ ఛార్జ్ 12.6, దానికోసమే తయారుచేసిన సర్వో అయితే తప్ప డైరెక్టుగా పెడితే కాలిపోతుంది.

చివరికి నేను తీసుకుంది క్యాసిల్ 10 ఆంపుల ఎక్స్‌టర్నల్ బీఈసీ. ఆ 10 అనేది పీక్, కంటిన్యూయస్‌గా అంతకన్నా తక్కువే ఇస్తుంది, క్రాలర్‌లో గాలి కూడా తగలదు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోవాలి. కంపెనీ నుంచి 5.1 వోల్టులకి సెట్ అయి వస్తుంది, క్యాసిల్ లింక్ అనే యూఎస్‌బీ అడాప్టర్‌తో కంప్యూటర్‌కి కలిపి 7.4 చేశా. సర్వో తగిలించకముందే అవుట్‌పుట్ మీటర్‌తో చూసుకున్నా, ఈ స్టెప్ ఎవరూ వదలొద్దు.

వైరింగ్ ఇలా చేశా. బీఈసీ ఇన్‌పుట్‌ని ఈఎస్‌సీ బ్యాటరీ వైర్ల దగ్గరే టంకం పెట్టా. అవుట్‌పుట్ ఎర్ర వైరు నేరుగా సర్వో ఎర్ర వైరుకి, నల్ల వైరు సర్వో నల్ల వైరుకి. రిసీవర్ నుంచి సర్వోకి వెళ్లేది సిగ్నల్, గ్రౌండ్ (నల్ల వైరు) మాత్రమే, మధ్యలో ఎర్ర వైరు లేదు. గ్రౌండ్ కలపకపోతే సర్వోకి సిగ్నల్ అర్థం కాదు, పిచ్చిపిచ్చిగా తిరుగుతుంది. ఈఎస్‌సీ ఎర్ర వైరు అలాగే ఉంచేశా, అది 6 వోల్టులతో రిసీవర్‌ని మాత్రమే నడుపుతుంది. ఎక్స్‌టర్నల్ బీఈసీని రిసీవర్‌లోనే గుచ్చేవాళ్లు మాత్రం ఈఎస్‌సీ ఎర్ర పిన్ను తీసి టేప్ చుట్టాలి, రెండు బీఈసీలు ఒకే లైన్ మీద ఉండకూడదు. కానీ నా ఉద్దేశంలో పెద్ద సర్వో కరెంటుని రిసీవర్ లోపలి సన్నటి ట్రాక్‌ల గుండా పంపడమే మంచిది కాదు. వైరు 22 గేజ్ వాడా. 30 సెంటీమీటర్ల పొడవుకి రానూపోనూ కలిపి 5 ఆంపుల దగ్గర ఇందులో పోయేది దాదాపు 0.16 వోల్టు, అదే 26 గేజ్ అయితే 0.4 పోతుంది.

తర్వాత అదే బండల దగ్గర ఇరికించి తిప్పా, రిసీవర్ లైటు కదల్లేదు, సర్వో దగ్గర 7.1 కింద పడలేదు, టైరు రాయిని ఒరుసుకుంటూ తిరిగింది. చాలా ఆనందమేసింది! ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్లు (సర్వో ఎంతవరకు తిరగాలనే హద్దులు) కూడా మళ్లీ సెట్ చేసుకోండి, చక్రం చివరిదాకా తిరిగాక కూడా సర్వో గుయ్యిమంటుంటే ఊరికే కరెంటు లాగుతూ వేడెక్కుతోందని అర్థం.

ఈ పద్ధతిలో ఈఎస్‌సీ స్విచ్ ఆపినా బీఈసీ, సర్వో ఆన్‌లోనే ఉంటాయి, బ్యాటరీ బాగా తగ్గితే ఆపేసే ఈఎస్‌సీ లో-వోల్టేజ్ కటాఫ్ కూడా వాటిని ఆపదు. బండి పక్కన పెట్టగానే ఎక్స్‌టీ60 (బ్యాటరీ కనెక్టర్) పీకేయాలి, లేకపోతే లైపో సెల్ 3 వోల్టుల కిందకి పోయి పాడవుతుంది. నేను బ్యాటరీ బ్యాలెన్స్ ప్లగ్‌కి (ఒక్కో సెల్ వోల్టేజ్ విడిగా తెలిసేది) చిన్న లైపో అలారం కూడా పెట్టి, సెల్‌కి 3.5 దగ్గర మోగేలా సెట్ చేశా.