కంటిలో దూలం, నోటీసు బోర్డు మీద కార్టూన్

"నీ కంటిలోనున్న దూలము నెంచక నీ సహోదరుని కంటిలోనున్న నలుసును చూచుట యేల?" మత్తయి సువార్త 7వ అధ్యాయం 3వ వచనం. ఈ వాక్యం వచ్చేసరికి మన చర్చిల్లో గొంతులు బరువెక్కుతాయి. అయ్యగారు ఒక్క క్షణం ఆగి జనం వైపు చూస్తారు, జనం తలలు వంచుకుంటారు. కానీ యేసుప్రభువు కొండ మీద కూర్చుని ఈ మాట అన్నప్పుడు ముందు వరసలో వాళ్ళు కిసుక్కున నవ్వే ఉంటారని నా నమ్మకం.

చిత్తూరు వైపు పాత మిద్దెలు చూసినవాళ్ళకు దూలం గురించి చెప్పక్కర్లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది, నలుగురు పట్టి లేపాలి. అలాంటిది ఒకాయన కంట్లో ఉంది. ఆయనకు ఆ సంగతే పట్టలేదు. పైగా పక్కాయన దగ్గరికి పోయి, "ఉండన్నా, నీ కంట్లో ఏదో నలుసు పడినట్టుంది, తీస్తా" అని వంగుతున్నాడు. వంగితే దూలం కొన ఎక్కడ తగులుతుందో ఎవరికి వాళ్ళు ఊహించుకోవచ్చు. ఈ మాట అన్నవాడు నజరేతులో వడ్లపని చేసినవాడు. రంపపు పొట్టు కంట్లో పడితే ఎంత మంటో, దూలం భుజానికెత్తుకుంటే ఎంత బరువో ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. పైగా నలుసూ దూలమూ రెండూ ఒకే చెక్కలోవి.

ఇద్దరు మనుషులు, ఒక దూలం, ఒక్క మాట. దీన్ని కార్టూన్ అనక ఇంకేమంటాం?

మే నెల సెలవుల్లో మా చర్చిలో వి.బి.ఎస్., అంటే పిల్లల బైబిలు బడి, జరిగేటప్పుడు ఈ వచనాన్ని పిల్లల చేత వల్లె వేయించే బదులు బొమ్మ గీయించాను. తెల్ల కాగితం, నల్ల స్కెచ్ పెన్, అంతే. తలకు సున్నా, కళ్ళకు రెండు చుక్కలు, నోటికి ఒక గీత, కాళ్ళూ చేతులూ పుల్లలు. బొమ్మలు రావని ఏడ్చే పిల్లలు కూడా ఈ మాత్రం గీస్తారు. ఒక పాప దూలానికి చీర ఉయ్యాల కట్టి అందులో తమ్ముణ్ణి పడుకోబెట్టింది. ఇంట్లో చూసిందే కదా. ఇంకో పిల్లాడి బొమ్మలో దూలం ఉన్నాయన "ఎవరు పిలిచింది?" అని వెనక్కి తిరుగుతాడు; ఆ ఊపుకు ట్యూబ్‌లైటు, మైకు స్టాండు, కానుక సంచి పట్టుకున్న పెద్దాయన వరసగా పడిపోతారు. అందరికంటే చిన్నవాడు మాత్రం పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, "అన్నా, నలుసు ఉండే ఆయన కంట్లో కూడా దూలం పెట్టొచ్చా?" అని అడిగాడు. పెట్టమన్నాను. ఇద్దరు మనుషులు, రెండు దూలాలు, ఇద్దరి నోటా ఒకే మాట: "నీ కంట్లో నలుసు". ఆ ఏడాది నేను విన్న ప్రసంగాల్లో దానికి సాటి వచ్చేవి తక్కువ.

(అన్నట్టు మే 20ని తెలుగు కార్టూనిస్టుల దినంగా జరుపుకుంటాం. తెలుగులో తొలి కార్టూనిస్టుగా చెప్పుకునే తలిశెట్టి రామారావు పుట్టినరోజు అది. వి.బి.ఎస్. రోజుల్లోనే వస్తుంది కాబట్టి ఆ పూట పిల్లల చేతికి పెన్నులిచ్చేందుకు మంచి సాకు.)

బైబిల్లో నవ్వు లేదనుకునేవాళ్ళు అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ఇంకోసారి చదవాలి. త్రోయ అనే ఊళ్ళో అపొస్తలుడు పౌలు ప్రసంగం. తెల్లారితే ప్రయాణం కాబట్టి ఆయన ఆపడం లేదు. అర్ధరాత్రయింది. మేడగదిలో దీపాలు చాలా ఉన్నాయని ఆ పుస్తకం రాసిన లూకా పనిగట్టుకుని రాశాడు. వైద్యుడు కదా, దీపాల వేడికి పాపం నిద్ర ముంచుకొచ్చిందని ఆ కుర్రాడి తరఫున సాక్ష్యం చెప్పాడేమో! ఐతుకు అనే ఆ కుర్రాడు కిటికీలో కూర్చుని జోగి జోగి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. చనిపోయాడనుకునే ఎత్తారు. పౌలు దిగి వెళ్ళి, మీద పడి కౌగిలించుకుని, ప్రాణముందన్నాడు. అద్భుతం జరిగింది, సరే. ఆ తర్వాత పౌలు ఏం చేశాడు? మళ్ళీ మేడెక్కి, రొట్టె విరిచి, తెల్లారేదాకా మాట్లాడాడు. ఈ చివరి సంగతి లూకా మొహంలో ఏ భావమూ లేకుండా రాసేసి ముందుకు వెళ్ళిపోతాడు. మంచి కార్టూనిస్టు లక్షణం అదే. తాను నవ్వడు.

దోమను వడియగట్టి ఒంటెను మింగే పరిసయ్యులు, అంటే నియమాల పట్టింపున్న యూదు మతపెద్దలు, ఉన్నారు. నీనెవె నగరం బతికిపోయిందని అలిగి, తనకు నీడనిచ్చిన సొరచెట్టు ఎండిందని ఏడ్చిన యోనా ప్రవక్త ఉన్నాడు. చెరసాల నుంచి బయటపడి పేతురు తలుపు తడితే, సంతోషం పట్టలేక తలుపు తీయడమే మరిచి లోపలికి పరుగెత్తిన రొదే అనే పనిపిల్ల ఉంది. అందరివీ బొమ్మకు సిద్ధంగా ఉన్న కథలే. మనమే వాటిని మొహం ముడుచుకుని చదువుతాం.

దీనికి పెద్దలు తీసే వచనం నాకు తెలుసు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం: బూతులు, పోకిరిమాటలు, సరసోక్తులు మీకు తగవు. నేను కాదనను. అయితే దానికి కాస్త పైన, 4వ అధ్యాయం 29వ వచనంలో, మన నోటి మాట "వినువారికి మేలు కలుగునట్లు" ఉండాలని అదే పౌలు కొలత ఇచ్చాడు. కార్టూన్‌కు కూడా ఆ కొలతే పెట్టాలి. "శరీరమంతయు కన్నయితే వినుట ఎక్కడ?" అని కొరింథీయులను అడిగిందీ ఆయనే. కాళ్ళూ చేతులూ లేకుండా మనిషంత కన్ను ఒకటి కుర్చీలో కూర్చుని సంఘ కమిటీ మీటింగ్ నడుపుతున్నట్టు గీసి చూడండి, పౌలు ఏ గొడవ గురించి రాశాడో పదేళ్ళ పిల్లాడికి కూడా తెలిసిపోతుంది.

నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడికి జారుతుందో, జర్మనీలో పోపును ఎదిరించిన మార్టిన్ లూథర్ రోజుల్లో చూడొచ్చు. 1521లో విటెన్‌బర్గ్‌లో లూకస్ క్రానాక్ అనే చిత్రకారుడు చెక్క అచ్చులతో జంట బొమ్మలు వేశాడు. ఒకవైపు క్రీస్తు వంగి శిష్యుల పాదాలు కడుగుతుంటాడు, ఎదురుగా పోపుగారి పాదాన్ని జనం ముద్దుపెట్టుకుంటుంటారు. చదువు రానివాళ్ళకు కూడా విషయం అర్థమైపోయింది. అవతలివాణ్ణి దెబ్బ కొట్టే బొమ్మే, ఒప్పుకుంటాను. అయినా కొలబద్దగా క్రీస్తు పాదాలు కడిగే బొమ్మ పక్కనే ఉంది కాబట్టి గీసినవాడు కూడా దాని ముందు నిలబడాల్సిందే. ఇరవై నాలుగేళ్ళ తర్వాత, 1545లో, లూథర్ మాటలతో అదే క్రానాక్ కార్ఖానా నుంచి వచ్చిన బొమ్మలు మాత్రం పిల్లలకు చూపించలేం. అంత రోత. వాటిలో క్రీస్తు లేడు, అవతలివాడి మీద కసి ఒక్కటే మిగిలింది. హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్ళు 1865లో మన వైపు లూథరన్ పని మొదలుపెట్టారు, దక్షిణాంధ్ర లూథరన్ సంఘం కేంద్రం ఈ తిరుపతిలోనే ఉంది. కాబట్టి ఇది ఎక్కడో జర్మనీ ముచ్చట అని దాటేయడానికి మాకు వీల్లేదు. ఆ రెండు రకాల బొమ్మలూ మా ఇంటివే.

మనల్ని వెక్కిరించిన బొమ్మ అంతకన్నా పాతది. రోములో పాలటైన్ కొండ మీద 1857లో తవ్వకాల్లో ఒక గోడ గీత బయటపడింది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, కింద చెయ్యెత్తి నిలబడ్డ ఒక కుర్రాడు, "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అని గ్రీకులో రాత. సుమారు 200వ సంవత్సరం నాటిదని చాలామంది పండితుల అంచనా. సిలువ వేసిన క్రీస్తుకు దొరికిన తొలి బొమ్మల్లో ఇదొకటి, అదీ వెక్కిరింత! పక్క గదిలో ఎవరో వేరే చేతిరాతతో "అలెక్సమెనోస్ విశ్వాసి" అని గీకారు. ఎదురు బొమ్మ లేదు, తిట్టు లేదు.

నేనుండే ఊరు తిరుపతి. పొద్దున లేస్తే గుండు చేయించుకుని, నుదుట నామంతో, చేతిలో లడ్డు సంచితో నడిచే జనం మధ్యలోంచే మేం ఆదివారం చర్చికి పోతాం. మా వీధిలో వాళ్ళూ మేమూ ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటాం. ఇక్కడ పెన్ను పట్టిన క్రైస్తవుడికి మొదటి శోధన ఏలీయా రూపంలో వస్తుంది. కర్మెలు కొండ మీద ఆ ప్రవక్త, బయలు అనే దేవత ప్రవక్తల్ని "మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, కేకలేసి లేపండి" అని ఎగతాళి చేశాడు కదా, మనం చేస్తే తప్పేమిటని. ఏలీయా ఎగతాళి చేసింది రాజు అండ, రాణి భోజనం ఉన్న 450 మంది ప్రవక్తలను. అప్పుడు ఆయన ఒంటరి, ఆయన తల మీద వేట ఉంది. మన పక్కింటి పెద్దమ్మకు ఎవరి అండ ఉంది? పండక్కి మనకు చక్కెరపొంగలి పంపుతుంది, మన పిల్లకు జ్వరమొస్తే రాత్రిపూట ఆటో పిలుచుకొస్తుంది. ఆమె మొక్కు మీద జోకు వేసి దానికి ఏలీయా పేరు పెట్టడం నాకు చేతకాదు. ఎవరైనా గీస్తే మా చర్చి నోటీసు బోర్డు మీద పెట్టను.

అలాగని ఊరిని వదిలేసి గీయక్కర్లేదు. ఇలా ఒక బొమ్మ గీయొచ్చు: పక్కింటివాళ్ళు కొండ నుంచి వచ్చి లడ్డు ఇచ్చారు. తినొచ్చా కూడదా అని తాత, నాన్న, చిన్నాన్న విగ్రహాలకు అర్పించినవాటి గురించి చెప్పే మొదటి కొరింథీ పత్రిక 8వ అధ్యాయం తెరిచి వాదించుకుంటున్నారు. బల్ల కింద చిన్నోడు మూతి తుడుచుకుంటున్నాడు. ఖాళీ కవరు వాడి ఒళ్ళో ఉంది. ఇందులో నవ్వు మా మీదే. పక్కింటాయన చూసినా నవ్వుతాడు.

చర్చిలో బొమ్మలేమిటని అడిగేవాళ్ళను శ్రీకాళహస్తికి తీసుకుపోవాలి. అక్కడి కలంకారీ పనివాళ్ళు కరక్కాయ, ఎనుముపాలు పట్టించిన గుడ్డ మీద చింతపుల్లల బొగ్గుతో ముందు గీసుకుని, ఆపైన వెదురు కలంతో నల్లగీత దిద్దుతారు. ఆ నలుపు ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి తీసిన కసిమి. రామాయణ భారతాలు గళ్ళు గళ్ళుగా, గడి కింద తెలుగులో కథతో ఉంటాయి. ఆ చేతులతోనే క్రీస్తు జీవితాన్ని గీసినవాళ్ళు కూడా అక్కడున్నారు. గడిలో బొమ్మ, కింద మాట. మనకు కొత్తేమీ కాదు.

ఇక సంఘం గురించి గీయడం. ఇక్కడ నాకు గురువు నాతాను ప్రవక్త. దావీదు రాజు ఒకడి భార్యను తీసుకుని, వాణ్ణి చంపించాడు. రాజు ముందు ఆ మాట చెప్పాలంటే ధైర్యం కావాలి. నాతాను వేలెత్తి చూపలేదు, ఒక కథ చెప్పాడు. ఒక పేదవాడు, వాడి దగ్గర ఒకే ఒక్క గొఱ్ఱెపిల్ల, వాడి గిన్నెలో తాగి వాడి కౌగిట్లో పడుకునేది; పక్కన మందలున్న ధనవంతుడు. బాటసారి ఒకడు వస్తే ధనవంతుడు ఆ ఒక్క పిల్లనే పట్టుకుపోయాడు. దావీదు కోపంతో ఊగిపోయాడు, శిక్ష కూడా తానే వేశాడు. అప్పుడు నాతాను "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. గొఱ్ఱెపిల్ల గిన్నెలో తాగడం వంటి చిన్న వివరం లేకపోతే రాజు అంతగా కరిగేవాడు కాదు. బొమ్మలోనూ అంతే. అన్యాయం అని పెద్దక్షరాలతో రాస్తే ఎవరికీ గుచ్చుకోదు.

మా బోర్డు మీద ఎక్కువమంది ఆగి చూసిన బొమ్మ ఒకటుంది. గోడ మీద పెద్ద బ్యానరు, గలతీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 28వ వచనం: యూదుడని గ్రీసుదేశస్థుడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు. దాని కిందే ఇద్దరు పెద్దలు పెళ్ళి బయోడేటా పట్టుకుని, "అమ్మాయి బంగారం. ఆరాధన తప్పదు, పాటలు పాడుతుంది. ఇంతకీ మనోళ్ళేనా?" అదొక్కటే మాట. ఎవరి పేరూ లేదు, ఎవరి పోలికా లేదు. ఆ ఇద్దరూ సున్నా తలల పుల్ల మనుషులే. అందుకే చూసినవాళ్ళు ఇంకెవరి మీదికో తోసేయలేకపోయారు. నవ్వి, పక్కవాళ్ళ వైపు చూసి, నవ్వు ఆపేసిన మొహాలు కొన్ని చూశాను. బట్టతల, మీసకట్టు, కళ్ళజోడు పెట్టి ఫలానావాడని గుర్తుపట్టేట్టు గీస్తే అది చాడీ అయిపోతుంది. అందరూ ఆ ఒక్కడి మీద పడి బయటపడతారు.

ఫ్యాన్ల మీద దాతల పేర్లు కూడా గీశాం. మే ఎండలో చర్చి అంతా చెమటలు కక్కుతుంటే ఒకాయన స్విచ్చికి అడ్డంగా నిలబడి, "వేయొద్దు బ్రదర్, తిరిగితే మా నాన్న పేరు కనబడదు" అంటాడు. అది తేలిగ్గా నవ్వి వదిలేసే బొమ్మ. అలాంటివీ కావాలి, ప్రతి వారం గుచ్చితే జనం బోర్డు వైపు రావడం మానేస్తారు.

గీసేవాళ్ళకు కొన్ని పనికొచ్చే సంగతులు. మాట ముందు రాసి, తర్వాత దాని చుట్టూ బుడగ గీయాలి. బుడగ ముందు గీస్తే మాట పట్టక చివరి అక్షరాలు చీమల్లా నలుగుతాయి. తెలుగుకు వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరసల మధ్య చోటు వదలాలి. ముందు మాట్లాడేవాణ్ణి ఎడమవైపు, బుడగ కాస్త పైన పెట్టాలి. బోర్డుకైతే లావు మార్కర్, ఫోన్లో గ్రూపులో పెట్టేదైతే సన్న పెన్ను చాలు. కనుబొమలు మరిచిపోవద్దు. రెండు చిన్న గీతలే, మొహంలో సగం కథ అక్కడే ఉంటుంది.

అయ్యగారిని గీయాలంటే ముందు అయ్యగారికే చూపించడం మా పద్ధతి. ఐతుకు బొమ్మ తీసుకుపోయాను. కిటికీలో జోగుతున్న కుర్రాడు, పుల్పిట్ దగ్గర చెయ్యెత్తిన పౌలు, మధ్య గోడకు పన్నెండు చూపిస్తున్న గడియారం. త్రోయలో గోడ గడియారాలు లేవని నాకూ తెలుసు, కానీ అది లేకపోతే టైమెంతయిందో తెలిసేదెలా? ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. నవ్వారు కూడా.

"బాగుంది నాయనా, పెట్టుకో. ఆ గడియారం మాత్రం తీసెయ్. ఇప్పటికే జనం అదే చూస్తున్నారు."