పంచమి తీర్థం రోజు పాత బ్రిడ్జి పని

ఇవాళ తిరుచానూరులో పంచమి తీర్థం. జనమంతా పద్మ సరోవరం వైపే. కాలేజీలో సగం క్లాసులు ఖాళీ, ల్యాబులు మూత. సర్వర్ రూములో పని పెట్టుకోవాలంటే ఇంతకన్నా మంచి రోజు దొరకదు. పాత నెట్‌వర్క్ తీసేసే పని ఈ రోజుకని ముందే అనుకుని పెట్టుకున్నాను.

మావి మూడు సర్వర్లు, ఒకే క్లస్టర్‌గా కలిపి ఉంటాయి. ఒక్కో సర్వర్‌లో చాలా వర్చువల్ మెషిన్లని నడిపించే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాటిలో ఉంది. ఆ మెషిన్లని నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్‌నే బ్రిడ్జి అంటాం, మాకు మూడున్నాయి. వీఎంబీఆర్0 ఆఫీసుది, వీఎంబీఆర్1 స్టూడెంట్ ల్యాబులది, వీఎంబీఆర్2 ఒకప్పటి ఆన్‌లైన్ పరీక్షలది. ఆ మూడోదాని వెనకున్న స్విచ్ పాతబడిపోయింది, ర్యాకులోంచి దించేయాలి. దించితే ఒక్కో సర్వర్‌లో ఒక పోర్టు కూడా ఖాళీ అవుతుంది.

మా టీంలో కొత్తగా చేరిన పిల్లోడు పొద్దున్నే లిస్టు చూసి వచ్చాడు. "అక్కా, వీఎంబీఆర్2లో ఒక్క మెషినూ రన్ అవతా లేదు. ఎత్తేద్దామా?"

వాడు చెప్పింది నిజమే. కానీ రన్ అవుతున్న మెషిన్ల గురించి నాకెప్పుడూ అంత బెంగ ఉండదు. వాటి నెట్ తెగితే నిమిషంలో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆఫ్‌లో ఉన్నవాటి సంగతి అలా కాదు. ఈ రోజు బ్రిడ్జి తీసేస్తే వాటికి ఈ రోజు ఏమీ కాదు. ఎప్పుడో మూడు నెలలకి ఎవరో స్టార్ట్ నొక్కినప్పుడు, వీఎంబీఆర్2 అనే బ్రిడ్జి లేదని చెప్పి లేవకుండా ఆగిపోతాయి. అది పరీక్ష రోజు ఉదయం 9 గంటలకే జరగొచ్చు. అప్పటికి ఈ పని సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇలాంటి పనే చేసే వీస్ఫియర్‌లో అయితే, ఏదైనా మెషిన్ వాడుతున్న డిస్ట్రిబ్యూటెడ్ పోర్ట్ గ్రూప్‌ని (మన బ్రిడ్జి లాంటిదే) తీయబోతే వాడకంలో ఉందని ఆపేస్తుంది. ఓవిర్ట్ అనే ఇంకోదాంట్లో నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే చాలు, దాన్ని వాడే మెషిన్లకి ఒక ట్యాబు, టెంప్లేట్లకి ఒక ట్యాబు ఉంటాయి. ప్రాక్స్‌మాక్స్‌లో మామూలు లినక్స్ బ్రిడ్జికి ఆ కాపలా లేదు. మెషిన్ సెట్టింగులు రాసుండే ఫైలులో బ్రిడ్జి పేరు ఉత్త అక్షరాలే. పైగా మెషిన్ల ఫైళ్ళు క్లస్టర్ అంతటికీ ఉమ్మడి, బ్రిడ్జి మాత్రం ఏ సర్వర్‌కి ఆ సర్వర్‌లో రాసుకోవాలి. ఎవరు దేని మీద ఆధారపడ్డారో మనమే వెతుక్కోవాలి.

వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, మూడు నోడ్ల (అంటే సర్వర్ల) మెషిన్ ఫైళ్ళన్నిట్లో వీఎంబీఆర్2 కోసం గ్రెప్ (ఫైళ్ళలో మాట వెతికే కమాండ్) కొట్టించాను. రన్ అయ్యేవి సున్నా. ఆఫ్‌లో ఒకటి, లైబ్రరీ పాత క్యాటలాగ్ మెషిన్. టెంప్లేట్లు రెండు. ఇంకొక ఫైలు దగ్గర వాడు ఆగిపోయాడు. "అక్కా, ఇది వీఎంబీఆర్1లోనే ఉండాది కదా, ఇందులో ఎందుకు దొరికింది?"

ఫైలు తెరిచి చూపించాను. పైన నెట్0 (మెషిన్ మొదటి నెట్‌వర్క్ కార్డు) వరుసలో వీఎంబీఆర్1 అనే ఉంది. కిందికి జరిపితే చదరపు బ్రాకెట్లలో ఒక స్నాప్‌షాట్ (ఒక రోజు మెషిన్‌ని ఉన్నదున్నట్టు దాచిపెట్టుకున్నది) పేరు. దాని కింద ఆ రోజు మెషిన్ ఎలా ఉండేదో అంతా మళ్ళీ రాసి ఉంది. ఆ నెట్0లో వీఎంబీఆర్2. హార్డ్‌వేర్ పేజీలో ఇది కనిపించదు, అక్కడ చూపించేది ఇప్పటి సంగతే. ఎవరైనా ఆ స్నాప్‌షాట్‌కి రోల్‌బ్యాక్ కొడితే, అంటే మెషిన్‌ని ఆ రోజుకి వెనక్కి తీసుకెళ్తే, పాత బ్రిడ్జి పేరు కూడా తిరిగొస్తుంది. వాడు ఆ ఫైలుని చాలాసేపు చూశాడు. నాకు అది నచ్చింది.

నన్ను ఎక్కువ భయపెట్టింది టెంప్లేట్లే. టెంప్లేట్ అంటే అచ్చు. ప్రతి సెమిస్టర్ మొదట్లో అందులోంచి 60 మంది పిల్లలకి 60 మెషిన్లు తీస్తాం. దానిలో నెట్ వరుస తప్పుగా ఉంటే అరవైలోనూ తప్పే. ఇక్కడ ఒకటి బాగా తెలిసుండాలి. లింక్డ్ క్లోన్ (టెంప్లేట్ డిస్కునే పంచుకునే కాపీ) డిస్కు ఎప్పటికీ టెంప్లేట్ డిస్కు మీదే ఆధారపడి ఉంటుంది, అందుకే క్లోన్లు ఉండగా టెంప్లేట్‌ని చెరపలేం. నెట్‌వర్క్ సెట్టింగ్ మాత్రం క్లోన్ చేసిన క్షణంలో కాపీ అయిపోతుంది, ఆ తర్వాత దానికి టెంప్లేట్‌తో సంబంధం లేదు. టెంప్లేట్‌లో బ్రిడ్జి మార్చినంత మాత్రాన అంతకుముందు తీసిన మెషిన్లు మారవు. వాటిని విడిగా మార్చుకోవాలి.

రెండు టెంప్లేట్లనీ వీఎంబీఆర్1కి మార్చి, ఒక్కోదాని నుంచి రెండేసి క్లోన్లు తీసి చూశాం. ఒకదాని జంటకి మ్యాక్ అడ్రసులు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబర్లు) వేరువేరుగా ఉన్నా, ఐపీలు పంచే డీహెచ్‌సీపీ ఒకే ఐపీ ఇచ్చింది. అది ఉబుంటు టెంప్లేట్. లోపల మెషిన్ ఐడీ ఖాళీ చేయకుండానే టెంప్లేట్‌గా మార్చేశారు, క్లోన్లన్నీ ఆ ఒక్క ఐడీతోనే ఐపీ అడుగుతున్నాయి. టెంప్లేట్ డిస్కులో రాయడం కుదరదు కాబట్టి, ఫుల్ క్లోన్ (డిస్కుతో సహా విడి కాపీ) తీసి, ఐడీ ఖాళీ చేసి, దాన్నే కొత్త టెంప్లేట్‌గా చేశాం. ల్యాబులో "మేడమ్, నాది కనెక్ట్ కావట్లా" అని పిల్లలు పీరియడంతా పోగొట్టుకున్న రోజులు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. వాళ్ళకి వారంలో దొరికేదే కొద్ది గంటలు.

భోజనం వేళకి లైబ్రేరియన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆ క్యాటలాగ్ మెషిన్ ఇంకా కావాలా అని అడగడం ఆలస్యం, ఆవిడ కంగారు పడ్డారు. "ఏంది పాపా, దాన్ని తీసేస్తారా? మార్చిలో స్టాక్ వెరిఫికేషన్ అప్పుడు పాత అక్సెషన్ నంబర్లన్నీ దాంట్లోనే కదా చూసుకునేది!"

ఈ సంగతి ఏ గ్రెప్‌లోనూ దొరకదు. ఆ మెషిన్‌లో ఐపీ చేత్తో రాసి ఉంది, 192.168.20తో మొదలయ్యేది, అది పాత నెట్‌వర్క్‌ది. బ్రిడ్జి ఒక్కటే మారిస్తే చాలదు, లోపల ఐపీ, గేట్‌వే కూడా మార్చాలి. మార్చాక ఆవిడ తన సీటులోంచే తెరిచి, ఏదో పాత పుస్తకం నంబరు కొట్టి చూసుకుని, సరేనన్నారు.

ఇకమీదట పేర్ల పద్ధతే మార్చాలని ఉంది. 2023లో వచ్చిన 8.1 వెర్షన్ నుంచి ప్రాక్స్‌మాక్స్‌లో ఎస్‌డీఎన్‌ని (నెట్‌వర్క్‌లని సాఫ్ట్‌వేర్‌లోనే రాసుకునే పద్ధతి) ధైర్యంగా వాడుకోవచ్చు. అందులో వీనెట్ (వర్చువల్ నెట్‌వర్క్) క్లస్టర్ మొత్తానికి ఒక్కచోటే రాస్తాం. ఇప్పుడు మా దగ్గర వీల్యాన్ (ఒకే తీగ మీద నెట్‌వర్క్‌లని విడదీసేది) నంబరు ప్రతి మెషిన్ ఫైలులోనూ, ప్రతి టెంప్లేట్‌లోనూ ట్యాగ్‌గా పడి ఉంది. వీనెట్ అయితే మెషిన్‌లో పేరు మాత్రమే ఉంటుంది, నంబరు వీనెట్‌లో ఉంటుంది. రేపు నంబరు మారినా మార్చేది ఒక్కచోటే. పేరు 8 అక్షరాలు దాటకూడదు, అది కాస్త ఇరుకే, సర్దుకోవచ్చు.

స్నాప్‌షాట్ మాత్రం మిగిలిపోయింది. అది తీసుకున్న సార్ సెలవు పెట్టి తీర్థానికి వెళ్ళారు. అడగకుండా ఆయన స్నాప్‌షాట్ చెరపడం నాకిష్టం లేదు, అందులో ఆయన ప్రాజెక్టు పని ఏముందో. రేపు ఆయన రాగానే అడిగి, అక్కర్లేదంటే చెరిపి, ఇంకోసారి గ్రెప్ కొట్టి, అప్పుడు మూడు నోడ్లలోనూ బ్రిడ్జి తీసి అప్లై నొక్కాలి. గ్రెప్ వాడే కొడతానన్నాడు.