నీ గురించి కాదులే

మా టీమ్‌లో ఒకాయన ఉన్నాడు. నా గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందా అని నాకంటే ఎక్కువ ఆరాటపడతాడు. మొన్న లంచ్ రూమ్ టీవీలో సరిహద్దు వార్తలొస్తుంటే "ఈ ఇలీగల్స్ అందర్నీ పంపించేయాలి" అన్నాడు. వెంటనే నావైపు తిరిగి, భుజం తట్టి, "నీ గురించి కాదులే, నువ్వు వేరు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. తిడితే బదులు చెప్పొచ్చు, ప్రేమకి ఏం చెప్తాం?

నేను వేరెలా అయ్యానో మాత్రం అర్థం కాలేదు. ఇక్కడి, అంటే అమెరికాలోని, 1952 నాటి ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో నేనూ ఏలియన్‌నే, అంటే ఇక్కడి పౌరుడు కాని విదేశీయుణ్ణే. గ్రీన్ కార్డు వచ్చాక కూడా వెంట ఉండే ఇమిగ్రేషన్ గుర్తింపు సంఖ్య 'ఏ నంబర్'లో 'ఏ' అంటే అదే. 2021లో బైడెన్ ప్రభుత్వం ఆ మాట మానేసి 'నాన్ సిటిజన్' అనమని ఇమిగ్రేషన్ అధికారులకు చెప్పింది. 2025లో ట్రంప్ తిరిగి రాగానే ఏలియన్ కూడా తిరిగొచ్చాడు. మధ్యలో నా వీసా మారింది లేదు, నేను చేసే పని మారింది లేదు.

'ఇలీగల్' అనే ముద్రను చేసిన పనికే వాడండి, మనిషికి తగిలించకండి అని వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన విలేకరులకు 2013లోనే చెప్పింది. అది లంచ్ రూమ్ దాకా రాలేదు. నాకూ ఆ ముద్రకీ మధ్య ఉన్న దూరమెంతో నాలా హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న ఎవర్నడిగినా చెప్తారు. ఉద్యోగం పోతే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఈలోపు ఇంకో కంపెనీయో ఇంకో దారో దొరకాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. రెండూ జరక్కపోతే, నిన్నటిదాకా కోడ్ రాసిన మనిషే 'వాళ్ళలో' ఒకడు.

అయినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పాట: "మేం లైన్లో నిలబడి వచ్చాం". నిలబడ్డ మాట నిజమే, కాదనను. కానీ వందేళ్ళకు పైగా కిందట వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసిన మనవాళ్ళూ దొంగదారిన వచ్చినవాళ్ళు కారు. భారతీయులు రాకూడదన్న చట్టం 1917 దాకా లేనే లేదు. వాళ్ళలో ఎక్కువమంది సిక్కులు, పత్రికలకు మాత్రం అందరూ 'హిందువులే'. 1906లో ఆ ప్రాంతపు పత్రిక ఒకటి వాళ్ళ రాకని 'నల్ల ముప్పు' అన్న తరహాలో రాసింది. మరుసటేడు సెప్టెంబరు 4 రాత్రి గుంపులు వాళ్ళ బసల మీద పడి, కొట్టి, ఊరు వదిలేలా చేశాయి. ఆ రాత్రి ఎవరూ కాగితాలడగలేదు.

ఈ విషయంలో మనవాళ్ళూ తక్కువేం తినలేదు. డాలస్ వెళ్తే ఎన్నారై, దుబాయ్‌లో బిల్డింగ్ పనికెళ్తే వలస కూలీ. పెళ్ళి సంబంధాల్లో మొదటివాడి పేరు పక్కన దేశం రాస్తారు, రెండోవాడి గురించి అడిగితే "ఏదో గల్ఫ్‌లో ఉన్నాడు" అంటారు. ఒకడు కన్సల్టెన్సీకి కట్టాడు, ఇంకొకడు ఏజెంటుకి కట్టాడు. అప్పు మాత్రం ఇద్దరూ చేశారు.