టాంజానియా బడిలో గణితం, మూడు బంతులు: నా అనుభవం

విదేశంలో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పడానికి నేను పెట్టుకున్న దరఖాస్తులో, చదువు, బోధనానుభవం వంటి వివరాలన్నీ నింపిన తరువాత, పిల్లలతో పంచుకోదగిన కళ ఏదైనా ఉన్నదా అని అడిగే ఒక చిన్న గడి ఉండేది. అందులో జగ్లింగ్ అని రాశాను. బంతులను ఆగకుండా ఎగరవేస్తూ పట్టుకునే ఈ విద్య కాలేజీ రోజుల నుంచి నాకు అభ్యాసం. గణిత బోధన నా వృత్తి. ఈ రెండింటితో టాంజానియాలోని ఇరింగా ప్రాంతంలో ఒక ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలకు చేరి, అక్కడ ఒక విద్యా సంవత్సరం పనిచేసి వచ్చాను. ఇదే దారిలో వెళ్లదలచిన వారికి పనికివస్తుందని ఆ క్రమమంతా రాస్తున్నాను.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసింది సంస్థను ఎంచుకునే దగ్గర. మన దగ్గరే డబ్బు కట్టించుకొని, రెండు మూడు వారాలు ఏదో ఒక బడిలో నిలబెట్టి, ఫొటోలతో ఇంటికి పంపించే ఏజెన్సీలు ఉన్నాయి. అలా ఒకరి తరువాత ఒకరు వచ్చిపోతూ ఉంటే పిల్లలకు ఒక్క పాఠమూ సాంతం అందదు. దగ్గరైన మనిషి మాటిమాటికీ వెళ్లిపోవడం చిన్న మనసులకు కష్టం కూడా. బ్రిటన్‌లో 1958లో మొదలైన వీఎస్ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) అనే స్వచ్ఛంద సేవా సంస్థ, 1970లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం వంటివి వృత్తిలో అనుభవం ఉన్నవారిని, అవసరం ఉన్నచోటికి, తగినంత కాలానికి పంపుతాయి. నేను వెళ్లినది వాటితో పోల్చదగిన సంస్థ కాదు, చాలా చిన్నది. అయినా గణితం ఉపాధ్యాయులు కావాలని ఆ పాఠశాల స్వయంగా రాసిన అభ్యర్థనను చూపమని అడిగితే వెంటనే చూపించింది. ఆ ఒక్క కాగితం చూశాకే నేను సమ్మతి తెలిపాను. వెళ్లదలచిన ప్రతివారూ ఆ కాగితాన్ని అడగాలని నా గట్టి అభిప్రాయం.

ఇంటర్వ్యూలో జగ్లింగ్ గురించి కుతూహలంతో అడుగుతారనుకున్నాను గాని, వాళ్లు నేరుగా అడిగిన ప్రశ్న వేరు: మీరు తిరిగి వచ్చేశాక అక్కడ ఏం మిగులుతుంది? గణితం విషయంలో జవాబు సులువు. పిల్లలు పాఠం నేర్చుకుంటారు, పరీక్ష రాస్తారు. కళ విషయంలో జవాబు అంత సులువు కాదు. 1993లో స్పెయిన్ విదూషకుడు తోర్తెల్ పోల్త్రోనా బాల్కన్ యుద్ధంలో చెదిరిపోయిన పిల్లల కోసం క్రొయేషియాలోని శరణార్థి శిబిరంలో ప్రదర్శన ఇచ్చి, ఆ తరువాత హద్దులు లేని విదూషకుల సంస్థను స్థాపించారు. అటువంటి చోట ప్రదర్శనే ఒక ఓదార్పు. పిల్లలు గంటసేపు నవ్వినా దానికి అర్థం ఉంటుంది. బడి సంగతి అది కాదు. బడిలో ప్రదర్శన ఇచ్చి చప్పట్లు అందుకుంటే, కళ కళాకారుడితోనే వెళ్లిపోతుంది. కాబట్టి నేను ప్రదర్శన ఇవ్వను, నేర్పుతాను, అదీ నేను లేకపోయినా నడిచేటట్లు నేర్పుతాను అని చెప్పాను. ఆ మాటే తరువాత ఏడాది పొడుగునా నా పనికి కొలబద్ద అయింది.

కాగితాల పని ఓపికతో ముగించవలసినది. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్, ఇంతకుముందు పనిచేసిన చోట్ల నుంచి సిఫారసు లేఖలు, వైద్య పరీక్షలు, హెపటైటిస్, టైఫాయిడ్, ధనుర్వాతం టీకాలు, మలేరియా మాత్రలు, ఇవన్నీ వరుసగా జరిగాయి. టాంజానియాలో వాలంటీర్లకు పర్యాటక వీసా చాలదు. సి తరగతి నివాస అనుమతి కావాలి, దానికి మనలను పిలిచిన సంస్థే అక్కడి నుంచి దరఖాస్తు చేయాలి. బాలల రక్షణ మీద ఇచ్చిన శిక్షణ మాత్రం కాగితాల పని కాదు, దాన్ని శ్రద్ధగా వినాలి. ఏ పిల్లవాడితోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకపోవడం, అనుమతి లేకుండా ఫొటో తీయకపోవడం, కానుకలు ఇవ్వకపోవడం అందులోని ముఖ్య నియమాలు. చేతులు పట్టుకొని నేర్పే అలవాటున్న కళ ఏదైనా సరే, పిల్లలను తాకకుండా, పక్కన నిలబడి చేసి చూపిస్తూ నేర్పడం ముందే సాధన చేసుకోవాలి. జగ్లింగ్‌ను అలా నేర్పడం పూర్తిగా సాధ్యమే.

టాంజానియాలో విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఏడేళ్లూ స్వాహిలిలో చదివిన పిల్లలు, ఫారం వన్‌లో, అంటే మాధ్యమిక పాఠశాల మొదటి తరగతిలో, అడుగుపెట్టగానే అన్ని పాఠాలూ ఇంగ్లిష్‌లో వినాలి. 2016 నుంచి ఫారం ఫోర్ వరకు ఫీజులు ఎత్తివేయడంతో బడికి వచ్చే పిల్లలు పెరిగారు. అది ఎంతో మంచి పని, కాని తరగతి గదులు కిక్కిరిశాయి. నా తరగతిలో బెంచీకి ముగ్గురు నలుగురు కూర్చునేవారు. నేను లోపలికి రాగానే అందరూ లేచి షికమో అని నమస్కరించేవారు, నేను మరహబా అని బదులు చెప్పేవాణ్ణి. ఆ తరువాత మౌనం. లెక్క తెలిసినవారు కూడా ఇంగ్లిష్‌లో తప్పు పలుకుతామేమోనని నోరు విప్పేవారు కాదు. అక్కడి బడుల్లో బెత్తం ఇంకా చట్టబద్ధమే కావడం కూడా ఆ మౌనానికి కొంత కారణమని నేను నమ్ముతాను.

జగ్లింగ్‌కు సమయం ఇవ్వమని అడిగేముందు నేను కొంతకాలం పాఠాలు మాత్రమే చెప్పాను. ప్రధానోపాధ్యాయురాలికి, బడిలో చదువుల వ్యవహారాలు చూసే అకడమిక్ మాస్టర్‌కు ఫారం టూ, ఫారం ఫోర్ జాతీయ పరీక్షలే దినదిన చింత. గణితంలో పిల్లలు వెనుకబడి ఉన్నప్పుడు బంతులు ఎగరేయిస్తానంటే ఎవరైనా సందేహిస్తారు. పాఠాల మీద వారికి నమ్మకం కుదిరాక, సాయంకాలపు ఆటల గంటలో వారానికి రెండు రోజులు అడిగాను. ఫారం ఫోర్ పిల్లలను పిలవకూడదనీ, బడిలోని ఉపాధ్యాయులు ఒకరు తప్పక ఉండాలనీ ఆమె రెండు షరతులు పెట్టారు. రెండో షరతు నాకు వరమైంది. దానివల్లే స్వాహిలి ఉపాధ్యాయుడు, జీవశాస్త్రం ఉపాధ్యాయురాలు మొదటి రోజు నుంచీ నాతోపాటు నేర్చుకున్నారు.

బంతులు నేను తీసుకెళ్లలేదు. తీసుకెళ్లినవి పోతే మళ్లీ దొరకవు. అక్కడ తయారు చేసినవైతే ఎన్ని పోయినా మళ్లీ కుట్టుకోవచ్చు. దర్జీల దగ్గర మిగిలిన కిటెంగె గుడ్డముక్కలతో చిన్న సంచులు కుట్టి, జల్లించిన ఇసుక పోసి, దాని మీద ఇంకొక పొర కుట్టాము. మొక్కజొన్న గింజలు పోద్దామని పిల్లలు అన్నారు గాని, తినే గింజను బంతిలో పోయడం నాకు ఇష్టం లేకపోయింది, ఎలుకలూ ఊరుకోవు. ఒక్కొక్కటి సుమారు 120 గ్రాములుంటే చిన్న చేతులకు సరిపోతుంది. ఇసుక సంచి కింద పడితే దొర్లిపోదు, పడినచోటే ఉంటుంది. అంతమంది పిల్లలున్న మైదానంలో ఈ ఒక్క గుణమే సగం అల్లరిని తగ్గించింది.

నేర్పే క్రమం ఇది. మొదట ఒకే బంతి: ఒక చేతి నుంచి కంటి ఎత్తు వరకు లేచి రెండో చేతిలో పడాలి. తరువాత రెండు: మొదటి బంతి శిఖరానికి చేరినప్పుడు రెండోది, దాని కిందుగా, విసరాలి. ప్రతి కొత్తవాడూ ఇక్కడ రెండో బంతిని విసరకుండా పక్క చేతికి అందిస్తాడు. ఆ అలవాటు పోయేవరకు మూడో బంతి ఇవ్వకూడదు. కుడి, ఎడమ రెండు వైపుల నుంచీ మొదలుపెట్టించాలి. విసురుతూ ముందుకు నడిచిపోయేవారిని గోడకు ఎదురుగా నిలబెడితే ఆగుతారు. బంతులు తక్కువైనప్పుడు ఇద్దరు పక్కపక్కన నిలబడి, ఒకరి కుడి చేయి, ఇంకొకరి ఎడమ చేయి కలిపి మూడు బంతులు ఆడిస్తారు; ఇది కొంతమందికి ఒంటరిగా ఆడటంకన్నా ముందే పట్టుబడింది. రుషా, దాకా అనే రెండు స్వాహిలి మాటలతో, అంటే విసురు, పట్టు అన్న ఆజ్ఞలతో మొదలుపెట్టి, కొద్దికాలంలోనే ఆజ్ఞలన్నీ ఇంగ్లిష్‌లోకి మార్చాము. తరగతిలో నోరు విప్పని పిల్లలు మైదానంలో పక్కవాడికి ఇంగ్లిష్‌లో సూచనలివ్వడం నేను చెవులారా విన్నాను.

మగపిల్లలు తోసుకొని ముందుకు వచ్చేవారు, ఆడపిల్లలు వెనుక నిలబడి చూసేవారు. ఇది గమనించి మొదటి అరగంట ఆడపిల్లలకే కేటాయించాము. మన పల్లెల్లో ఆడపిల్లలు అచ్చనగాయలు ఆడినట్లే అక్కడి పిల్లలు మ్‌దాకో ఆడతారు; నేలలో చిన్న గుంట తవ్వి, ఒక రాయిని పైకి ఎగరవేసి, అది కింద పడేలోగా గుంటలోని రాళ్లను లాగి, పైదాన్ని పట్టుకోవాలి. ఆ ఆటలో చేయి తిరిగిన అమ్మాయిలకు మూడు బంతుల ఆట ఆశ్చర్యపడేంత త్వరగా వచ్చింది. మొట్టమొదట మూడు బంతులను ఆగకుండా ఆడించినది ఫారం వన్‌లోని ఒక సన్నని, మితభాషి అయిన అమ్మాయి. ఆ తరువాత మగపిల్లలు ఆమె దగ్గరికి వెళ్లి నేర్చుకున్నారు, నా దగ్గరికి కాదు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంత అని చెప్పలేను.

నేను అమితంగా ఇష్టపడే భాగం గణితంలోకి బంతులు వచ్చిన ఘట్టం. 1980లలో అమెరికాలోనూ ఇంగ్లాండ్‌లోనూ కొందరు జగ్లర్లు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, విసుర్లను అంకెలతో రాసే పద్ధతిని కనుగొన్నారు. దాని పేరు సైట్‌స్వాప్. చేతులు వంతులవారీగా సమాన వ్యవధిలో విసురుతాయనుకొని, ఒక్కొక్క విసురు వేళను ఒక తాళంగా లెక్కపెట్టి, ఇప్పుడు విసిరిన బంతి ఎన్ని తాళాల తరువాత మళ్లీ విసరబడుతుందో ఆ అంకె రాస్తారు. మామూలు మూడు బంతుల ఆట 3, 3, 3. దాన్నే 4, 4, 1గా కూడా ఆడవచ్చు. ఈ అంకెల సగటు ఎప్పుడూ బంతుల సంఖ్యకు సమానం: 9ని 3తో భాగిస్తే 3. సగటు పాఠం చెప్పిన రోజు నల్లబల్ల మీద 4, 4, 1తోపాటు 5, 3, 1, ఇంకా 4, 3, 2 రాసి, వీటిలో ఏవి ఆడగలమో చెప్పమన్నాను. మూడింటికీ సగటు 3 కాబట్టి అన్నీ ఆడవచ్చని అందరూ అన్నారు. అప్పుడు తాళాలను 0, 1, 2 అని లెక్కపెట్టి, విసిరిన తాళాన్ని అంకెకు కలిపి చూడమన్నాను. 4, 4, 1లో 0కి 4, 1కి 4, 2కి 1 కలిపితే 4, 5, 3 వస్తాయి. మూడూ వేరు వేరు. 4, 3, 2లో మాత్రం 0కి 4, 1కి 3, 2కి 2 కలిపితే మూడుసార్లూ 4 వస్తుంది. మూడు బంతులూ ఒకే క్షణాన ఒకే చేతిలోకి దిగుతాయి. సగటు సరిపోవడం అవసరమే గాని అది చాలదని వాళ్లకు వాళ్లే కనుగొన్నారు. దాన్ని చెప్పడానికి వెనుక బెంచీ నుంచి ఒక అబ్బాయి పిలవకుండానే బల్ల దగ్గరికి వచ్చి, ఇంగ్లిష్‌లో తడబడుతూనే చివరిదాకా వివరించాడు. నవంబరులో వానలు మొదలై రేకుల కప్పు మీద చినుకుల హోరులో నా గొంతు వినిపించని రోజుల్లో కూడా ఈ అంకెలతో పాఠం నడిచింది.

ఈజిప్టులోని బేనీ హసన్ సమాధుల గోడల మీద, సుమారు 4,000 ఏళ్ల కిందట, బంతులు ఎగరేస్తున్న స్త్రీల బొమ్మలు చిత్రించారు. జగ్లింగ్‌కు మనకు తెలిసిన తొలి చిత్రాలు అవే. ఈ విద్య బయటి నుంచి వచ్చిన వింత కాదని, తమ ఖండంలోనే దాని ఆనవాళ్లు ఉన్నాయని పిల్లలకు చెప్పడం నాకు ముఖ్యమనిపించింది. స్వాహిలి ఉపాధ్యాయుడు దీనికి తన మాట జతచేశాడు: 1960లలోనే టాంజానియా యువకులు చైనా వెళ్లి సరకాసి, అంటే సర్కస్ విన్యాసాలు నేర్చుకొని వచ్చారనీ, బాగమోయోలో 1981 నుంచి ప్రభుత్వ కళాశాల ఇటువంటి కళలను బోధిస్తున్నదనీ. పిల్లలు దీన్ని గంభీరమైన చదువుగానే చూడసాగారు.

ఇక అప్పగింత. జూన్ సెలవుల తరువాత నేను ఫారం వన్ పిల్లలకు నేరుగా నేర్పడం మానేశాను. ఫారం త్రీ పిల్లలు జట్లుగా నేర్పారు, ఇద్దరు ఉపాధ్యాయులు చూసుకున్నారు, నేను అడిగినప్పుడే మాట్లాడాను. బంతులు కుట్టే కొలతలు, నేర్పే వరుస, సైట్‌స్వాప్ లెక్కలు స్వాహిలిలోనూ ఇంగ్లిష్‌లోనూ ఒక నోటుపుస్తకంలో స్వాహిలి ఉపాధ్యాయుడే రాశాడు. డిసెంబరులో బయలుదేరేముందు, వచ్చే ఏటి టైంటేబుల్‌లో ఆ రెండు సాయంత్రాలు ఎవరి పేరున ఉన్నాయో ప్రధానోపాధ్యాయురాలి గదిలో స్వయంగా చూసుకున్నాను. జీవశాస్త్రం ఉపాధ్యాయురాలి పేరు ఉంది.

మరుసటి ఏడు ఆమె రాసిన ఉత్తరాల ప్రకారం, కొత్త ఫారం వన్ పిల్లలకు ఇప్పుడు ఒక్క బంతితో మొదలుపెట్టడం లేదు. ముందు మ్‌దాకో రాళ్లతో కొన్ని రోజులు ఆడించి, ఆ తరువాతే సంచులు చేతికిస్తున్నారు. గోడకు ఎదురుగా నిలబెట్టే పద్ధతిని తీసేసి ఇద్దరిని ఎదురెదురుగా నిలబెడుతున్నారు. ఒకరు ముందుకు జరిగితే రెండోవారు చెబుతారట. నేను నేర్పిన వరుసకన్నా ఇది త్వరగా ఫలితమిస్తున్నదని ఆమె లెక్కలతో సహా రాశారు. ఆ వరుసను నేను ఇప్పుడు నా తరగతి పిల్లలకు వాడుతున్నాను.