ఓఈటీ స్పీకింగ్ కోసం భయాన్నీ ఆశ్చర్యాన్నీ ఇంగ్లీషులో నేర్చుకున్నాను – నా అనుభవం

బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే మనవాళ్ళలో చాలామంది ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. వాటిలో నర్సులు, డాక్టర్ల లాంటివాళ్ళ కోసమే పెట్టిన ఓఈటీ (ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్)లో అంతా ఆసుపత్రి భాషే కాబట్టి నేను అది ఎంచుకున్నాను. లిజనింగ్, రీడింగ్ గురించి పెద్దగా బెంగ లేదు. టెన్షన్ అంతా స్పీకింగ్ గురించే. రెండు రోల్‌ప్లేలుంటాయి. చేతికి కార్డిస్తారు, 3 నిమిషాలు చదువుకోనిస్తారు, తర్వాత 5 నిమిషాల పాటు ఎదురుగా ఉన్నవాళ్ళు పేషెంటుగానో, పేషెంటు తల్లిగానో మాట్లాడతారు. మార్కులు వేసేది వాళ్ళు కాదు, రికార్డింగ్ విని వేరేవాళ్ళు వేస్తారు. భాష ఒక్కటే కాదు, పేషెంటు మనసు ఎంత పట్టించుకున్నామో కూడా చూస్తారు.

ప్రాక్టీసు కార్డులు ముందేసుకుని కూర్చుంటే దాదాపు అన్నిట్లోనూ ఎవరో ఒకరు బెదిరిపోయో, నిర్ఘాంతపోయో కనిపించారు. షుగరుందని అప్పుడే తెలిసిన మనిషి, జ్వరంలో బిడ్డకు ఫిట్స్ రావడం చూసిన తల్లి. ఇలాంటివి చెప్పడానికి మనకెన్ని మాటలున్నాయో! ఉలిక్కిపడ్డాడు, అదిరిపడింది, బిత్తరపోయాడు, విస్తుపోయారు, హడలిపోయింది, జడుసుకున్నాడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి మాత్రం అన్నిటికీ ‘షాక్’ అనేస్తాం. మా ట్రైనర్ మేడమ్ మొదటి క్లాసులోనే ఆ మాట పట్టుకున్నారు. “ఆసుపత్రిలో షాక్ అంటే బీపీ పడిపోయి, ఒంట్లో అవయవాలకు రక్తం సరిగ్గా అందని స్థితి అమ్మా. పేషెంటు ఈజ్ ఇన్ షాక్ అని ఫోన్లో చెబితే డాక్టరుగారు పరుగెత్తుకొస్తారు” అన్నారు. నర్సుకి ఇది బాగా గుర్తుండాల్సిన సంగతి.

అందుకని మాటల జాబితా బట్టీ పట్టకుండా, ఒక నోటుబుక్కులో మన తెలుగు మాటలు రాసుకుని, ఒక్కోదానికీ ఒంట్లో ఏం జరుగుతుందో పక్కన రాశాను. ఇంగ్లీషు మాట ఆ తర్వాతే.

మొదట రాసింది ఉలికిపాటు. పసిపిల్లల వార్డులో పనిచేసిన నాకు అది రోజూ కళ్ళ ముందు ఉండేదే. పుట్టిన బిడ్డ తలను కాస్త పట్టు సడలించినా, పక్కన ట్రే చప్పుడైనా రెండు చేతులూ బయటికి చాపేస్తుంది, వేళ్ళు విచ్చుకుంటాయి, వెంటనే చేతులు దగ్గరికి లాక్కుని ఏడుపు అందుకుంటుంది. ఆస్ట్రియా డాక్టరు ఎర్న్‌స్ట్ మోరో పేరు మీద దీన్ని మోరో రిఫ్లెక్స్ అంటారు. మామూలుగా 4 నుంచి 6 నెలల మధ్య పోతుంది. దీనికి ఇంగ్లీషులో అందరూ వాడే మాట స్టార్టిల్. భయం గురించి ఆలోచించే వ్యవధి లేకుండా ఒళ్ళు తనంతట తాను తుళ్ళిపడడం. బిడ్డను చూసి నేర్చుకున్న ఆ మాట ఇక మర్చిపోలేదు.

ఒళ్ళు కదలకుండా బిగుసుకుపోయి నోట మాట రాకపోతే స్టన్డ్. అనుకోని మాట విని క్షణం తడబడితే టేకెన్ అబ్యాక్, మన విస్తుపోవడానికి దగ్గర. ఏదో కీడు జరగబోతోందన్న కంగారైతే అలార్మ్‌డ్. పిల్లాడు జడుసుకున్నాడని అమ్మమ్మలు అనేదానికి హీ హాడ్ ఎ ఫ్రైట్ బాగా అతుకుతుంది. ఆశ్చర్యం పెరిగే కొద్దీ సర్‌ప్రైజ్డ్, అస్టానిష్డ్, అస్టౌండెడ్ అని మెట్లున్నాయి. పై మెట్టు మాటలకు ముందు వెరీ నప్పదు, ఆబ్సొల్యూట్లీ పెట్టాలి. మనవాళ్ళలో చాలామంది ‘ఐ యామ్ షాకింగ్’ అనేస్తారు. వార్త షాకింగ్, విన్న మనిషి షాక్‌డ్. ఈ తేడా నాలుక మీదికి వచ్చేదాకా పైకి చదువుకుంటూనే ఉన్నాను.

టెరిఫైడ్, టెరిఫిక్ రెండూ భయం అన్న ఒకే మూలం నుంచి వచ్చినవే. అయినా మొదటిది హడలిపోవడం, రెండోది బ్రహ్మాండం. ఇది వింతేమీ కాదు. మనం గుండె అదిరిందనీ అంటాం, కూర అదిరిందనీ అంటాం.

మాటలు వచ్చాయి సరే, వాటిని ఎక్కడ వాడాలో తెలిసింది మాత్రం తల్లి కుర్చీలో కూర్చున్నాకే. నాతో పాటు ప్రిపేరవుతున్న చెల్లి లాంటి అమ్మాయి నర్సు, నేను ఫిట్స్ వచ్చిన బిడ్డ తల్లిని. ఆమె కార్డులో ఉన్నవన్నీ చక్కగా చెప్పింది: మళ్ళీ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 5 నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవండి. ఒక్క తప్పూ లేదు. కానీ తల్లిగా నాకు ఏదీ ఎక్కలేదు. “అక్కా, ఇంకోసారి చేద్దాం” అని, ఈసారి ముందుగా “దట్ మస్ట్ హావ్ బీన్ వెరీ ఫ్రైటెనింగ్ ఫర్ యూ” అని ఆగింది. ఆ ఆగడంలో నేను మాట్లాడగలిగాను. బిడ్డ కళ్ళు తేలేస్తే ప్రాణం పోయిందే అనుకున్నానని చెప్పాను. ఆ తర్వాత ఆమె చెప్పిన జాగ్రత్తలన్నీ చెవిన పడ్డాయి.

అప్పటి నుంచి ప్రతి కార్డులోనూ అదే వరస పాటించాను. రోగం పేరు అప్పుడే తెలిసినవాళ్ళకు “ఐ కెన్ సీ దిస్ హాజ్ కమ్ యాజ్ ఎ షాక్”. ఇక్కడ షాక్ పనికొస్తుంది, ఎందుకంటే షాక్ అంటున్నది వార్తని, పేషెంటు స్థితిని కాదు. కోపంగా ఉన్నవాళ్ళతో మాత్రం మనసు సంగతి ఇంత సూటిగా అనకుండా, ముందు వాళ్ళనే చెప్పనివ్వడం మంచిదని నా అభిప్రాయం. పేషెంటు భయంకరమైన సంగతి చెప్పినప్పుడు మన నోట ‘ఓ మై గాడ్’ రాకూడదు. వాళ్ళ భయానికి మన భయం తోడవుతుంది.

స్పీకింగ్‌లో బీ గ్రేడ్ వచ్చింది. నోటుబుక్కు మూసేయలేదు. ఇప్పుడు నొప్పి మాటలు మొదలుపెట్టాను: పోటు, సలుపు, మంట, తీపులు, పీకుడు. తీపులకు సరైన ఇంగ్లీషు మాట ఇంకా వెతుకుతున్నాను.