నోరు కట్టుకోమన్న మాట

గౌట్ అనే కీళ్లనొప్పి తగ్గి, చెప్పులేసుకుని బీచ్ రోడ్డులో నడవగలుగుతున్నాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నిరుడు ఒక రాత్రి రెండు గంటలకి ఎడమకాలి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టయి లేచాను. ఎర్రగా వాచింది. పల్చటి దుప్పటి తగిలినా అరుపే. షుగరున్న ఒళ్లు, చీము పట్టి వేలు తీసేస్తారేమోనని తెల్లవార్లూ వణికాను.

పొద్దున్నే ఎక్స్‌రే, రక్తపరీక్ష. యూరిక్ యాసిడ్ 6.2. "నార్మలే, బెణికుంటుంది" అన్నారు. నొప్పి ముదిరి ఉన్నప్పుడు ఆ అంకె కిందికి జారడం మామూలే. తగ్గాక రెండు మూడు వారాలు ఆగి చూడాలి. అలా చూస్తే నాది 9.1. సుమారు 6.8 దాటితే యూరిక్ యాసిడ్ రక్తంలో కరిగి ఉండలేక కీళ్లలో సూదుల్లా పేరుకునే వీలుంది, గౌట్ అంటే అదే. కాలివేళ్లు చల్లగా ఉంటాయి, అందుకే ముందు అక్కడ.

రెండో చోట డాక్టరుగారు రిపోర్టు చూసి, "రొయ్యలూ బీరూ బాగా లాగిస్తున్నట్టున్నావ్, నోరు కట్టుకోవాలయ్యా" అన్నారు. బల్లల మీద కూర్చున్న నలుగురూ నావైపు తిరిగారు. నేను మందు ముట్టను. వాపు వారంలో తీసింది, ఆ మాట ఇంకా తియ్యలేదు.

ఇంటికొస్తే మేనత్త, "మీ నాన్నకీ ఇలాగే వచ్చీదిరా, వాతం అనీవోరు" అంది. డాక్టరు అడగాల్సిన ప్రశ్నకి జవాబు అది.

యూరిక్ యాసిడ్‌లో మూడింట రెండొంతులు కిడ్నీలు, మిగతాది పేగులు బయటికి పంపాలి. కిడ్నీ వడకట్టినదాంట్లో చాలా భాగాన్ని యూరాట్1, గ్లట్9 అనే ప్రోటీన్లు మళ్లీ రక్తంలోకి లాగేస్తాయి. బయటికి తోసేది ఏబీసీజీ2. దాని జన్యువులో ఒక్క అక్షరం మారిన క్యూ141కే రకం వస్తే తోసే బలం సగానికి పడిపోతుంది. అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే ముప్పు ఇంకా ఎక్కువ. ఆడవాళ్లకి నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజెన్ అడ్డుంటుంది, అందుకే మా అక్కకి ఇంకా రాలేదని సంబరపడలేం. యూరోపియన్ మూలాల అమెరికన్ల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో, మనిషికీ మనిషికీ యూరిక్ యాసిడ్‌లో ఉండే తేడాకి ఒక్కో తిండి పదార్థం వాటా 1 శాతం కూడా లేదు, జన్యువులది దాదాపు 24 శాతం. నోరు కట్టుకోమన్నవారికి ఇది చూపించాలని ఉంది.

అయితే జన్యువొక్కటే మంచాన పడెయ్యదు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నా చాలామందికి నొప్పే రాదు. బరువో, బీరో తోడవ్వాలి. నాకు తోడైంది బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్, అది యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది. మూడో డాక్టరమ్మ దాన్ని తీసేసి లోసార్టాన్ అనే వేరే బీపీ మాత్ర రాసింది, అది యూరిక్ యాసిడ్‌ని కాస్త తగ్గిస్తుంది కూడా. ఆ తల్లి చల్లగా ఉండాలి. జన్యుపరీక్ష అక్కర్లేదంది, ఏ తేడా ఉన్నా వైద్యం అదేనట.

నొప్పి మొదలవగానే దాన్ని అణిచే కొల్చిసిన్ 0.5 మి.గ్రా. మాత్రలు రెండు, గంట తర్వాత ఇంకొక్కటి, అంతే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. యూరిక్ యాసిడ్‌ని తగ్గించే అలోప్యూరినాల్ 100 మి.గ్రా.తో మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి పెంచుతూ అంకె 6 లోపలికి తేవాలి. నేను 300 దగ్గర ఆగాను. పేరుకున్నది కరిగేటప్పుడు మొదటి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. నాకూ వచ్చింది. మందు పడలేదనుకుని చాలామంది మానేసేది అప్పుడే. అందుకే మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదు కొల్చిసిన్ తోడుగా వేస్తారు. ఒంటిమీద దద్దుర్లు లేస్తే మాత్రం అలోప్యూరినాల్ ఆపేసి ఆస్పత్రికి పరుగెత్తాలి.

పప్పు, పాలకూర, టమాటా మానమని చుట్టాలంతా చెప్పారు. ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారేవి ప్యూరిన్లు, కానీ పప్పు, ఆకుకూరల్లోని ప్యూరిన్లు గౌట్ ముప్పు పెంచినట్టు తేలలేదు, శుభ్రంగా తింటున్నాను. నెత్తళ్లు, మేక కార్జం తగ్గించాను.

సింహాచలం మెట్లెక్కి అప్పన్న మొక్కు తీర్చుకున్నాను, జేబులో మాత్రలతోనే. మావాడికి పరీక్ష చేయిస్తే 7.4. నొప్పి లేదు కాబట్టి మందు వద్దన్నారు. రేపెవరైనా బీపీ మాత్ర రాస్తే ముందు తాతగారి కాలి సంగతి చెప్పమని వాడికి చెప్పి ఉంచాను.